తెల్లబట్ట అనే ఒక్క మాట చాలదు

(అనంతపురంలో కరువు మండలాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో ‘కరువు, స్త్రీల ఆరోగ్యం’ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. కరువు అనగానే మనం వర్షపాతం లెక్కలు, వేరుశెనగ నష్టం, ఎండిన బోర్లు, అప్పులు, బెంగుళూరు వలసల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడవలసినవే. అయితే ఈ ఊళ్లలో సంఘం మీటింగు అయిపోయి అందరూ లేచిపోయాక, ఒకరిద్దరు వెనకబడి గొంతు తగ్గించి చెప్పే మాట ఇంకొకటి ఉంది. “తెల్లబట్ట పోతాందక్కా. ఒగటే దురద. కూచోనీదు, పండుకోనీదు. ఎవురికి చెప్పుకునేది?” మీలో గ్రామాల్లో పనిచేసే ప్రతి ఒక్కరూ ఈ మాట విని ఉంటారు. కొందరు అని కూడా ఉంటారు. ఈరోజు నేను దాని గురించే మాట్లాడదలుచుకున్నాను.

నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్ర పరిశోధకురాలిని. ఒక స్త్రీ తన బాధ చెప్పుకున్నప్పుడు దానికి పేరు ఎవరు పెడతారు, ఏం చూసి పెడతారు, అసలు చూస్తారా అన్నది నా ప్రశ్న. యోనిలో వచ్చే ఈస్ట్ ఇన్‌ఫెక్షన్, అంటే కాండిడా అనే శిలీంధ్రం వల్ల వచ్చే జబ్బు, ఈ ప్రశ్న అడగడానికి చాలా మంచి ఉదాహరణ. ఎందుకంటే అది ప్రాణాంతకం కాదు, దానికి మందు ఉంది, దాన్ని గుర్తించే పరీక్షకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. అయినా మన ఊళ్లలో ఆ పరీక్ష జరగదు. ఎందుకు జరగదో ఆలోచిస్తే వైద్య వ్యవస్థకూ మన శరీరాలకూ ఉన్న సంబంధం అంతా బయటపడుతుంది.

ఒకే పేరు, అనేక జబ్బులు

‘తెల్లబట్ట’ అనేది జబ్బు పేరు కాదు, ఒక లక్షణం పేరు. దాని కింద కనీసం నాలుగైదు వేరువేరు విషయాలు ఉన్నాయి.

మొదటిది అసలు జబ్బే కాదు. యోనిలో సహజంగా కొంత స్రావం ఉంటుంది. నెలసరికీ నెలసరికీ మధ్య రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు అది ఎక్కువవుతుంది. దురద, మంట, దుర్వాసన లేకపోతే అది ఆరోగ్యమే.

రెండోది కాండిడా. పాలు విరిగినట్టు గడ్డలు గడ్డలుగా ఉండే తెల్లటి స్రావం, విపరీతమైన దురద, ఎర్రబడటం, మూత్రం పోసేటప్పుడు బయటి చర్మానికి తగిలి మంట. సాధారణంగా వాసన ఉండదు.

మూడోది బ్యాక్టీరియల్ వెజైనోసిస్. మన యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే బ్యాక్టీరియా ఉంటుంది. పాలను పెరుగుగా తోడుకునేట్టు చేసే జాతే ఇది. ఇది అక్కడ పులుపును కాపాడుతుంది. ఇది తగ్గి వేరే బ్యాక్టీరియాలు పెరిగితే పల్చగా, బూడిద రంగులో, చేపల వాసనతో స్రావం వస్తుంది. దురద అంతగా ఉండదు.

నాలుగోది ట్రైకోమొనాస్ అనే ఏకకణ జీవి వల్ల వచ్చేది. పసుపు, ఆకుపచ్చ రంగుల్లో నురగలాగా రావచ్చు. ఇది లైంగిక సంబంధం ద్వారా వస్తుంది, భర్తకు కూడా మందు ఇవ్వాలి.

అయిదోది గర్భాశయ ముఖద్వారంలో గనేరియా, క్లమీడియా వంటి వాటి వల్ల వచ్చేది. దీన్ని పట్టించుకోకపోతే పైకి పాకి, పిల్లలు పుట్టకుండా కూడా చేయగలదు.

ఈ అయిదింటికీ కారణం వేరు, మందు వేరు, ఇంట్లో దాని పర్యవసానం కూడా వేరు. కాండిడాను లైంగిక వ్యాధిగా లెక్కించరు. అది చాలామంది ఆరోగ్యవంతులైన స్త్రీల శరీరంలో ఏ బాధా లేకుండానే ఉంటుంది. అందుకే భర్తకు సాధారణంగా మందు అక్కర్లేదు. కానీ ఎవరో ఒకరు పరీక్ష చేయకుండా ‘సుఖవ్యాధి’ అని ఒక్క మాట అంటే చాలు, ఆ స్త్రీ ఇంటికి వెళ్లి తన శీలాన్ని రుజువు చేసుకోవలసి వస్తుంది. వలసపోయి వచ్చిన భర్త “నేను ఊళ్లో లేనప్పుడు ఏం జేసినావ్?” అని అడిగిన ఇళ్లు నాకు తెలుసు. తప్పు పేరు పెట్టడం అంటే ఇదీ.

కరువుకూ దీనికీ ఏమిటి సంబంధం?

సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం ఇది. నైరుతి రుతుపవనాలకు పడమటి కనుమలు అడ్డం, ఈశాన్య రుతుపవనాలకు తూర్పు తీరం దూరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాను విడదీసి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పరిచారు. నేను అనంతపురం అన్నప్పుడల్లా రెండింటినీ కలిపే అంటున్నానని గమనించండి.

కరువు కాండిడాను పుట్టించదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి. ఎందుకంటే “మీరు శుభ్రంగా ఉండరు, అందుకే వచ్చింది” అని ఆడవాళ్లను తిట్టి పంపే ఆరోగ్య సిబ్బంది చాలామంది ఉన్నారు. ఇది మురికి వల్ల వచ్చే జబ్బు కాదు. గర్భం, అదుపులో లేని చక్కెర వ్యాధి, యాంటీబయాటిక్ మందులు, రోగనిరోధక శక్తి తగ్గడం వంటివి దీనికి ముఖ్య కారణాలు. ఊళ్లో ఆర్‌ఎంపీ జ్వరానికీ దగ్గుకూ రాసిచ్చే యాంటీబయాటిక్‌లు మేలు చేసే బ్యాక్టీరియాను చంపి ఈస్ట్ పెరగడానికి దారి ఇస్తాయి. అతిగా శుభ్రం చేయడం కూడా చెరుపే. దురద పోతుందని సబ్బుతో, డెటాల్‌తో యోని లోపల కడిగితే సహజంగా ఉండే పులుపు పోతుంది, చర్మం ఇంకా రేగుతుంది.

అయితే కరువు వేరే విధంగా పనిచేస్తుంది. 1990ల మధ్యలో వచ్చిన సత్యసాయి మంచినీటి పథకం ఈ ప్రాంతంలో వందల ఊళ్లకు తాగునీరు తెచ్చింది. కానీ నీటి లెక్క వేసేటప్పుడు తాగడానికి ఇన్ని బిందెలు, పశువులకు ఇన్ని అని లెక్క వేస్తారు. ముట్టుగుడ్డలు ఉతికే నీళ్లు ఎవరి లెక్కలోనూ రావు. ఉతికిన గుడ్డను ఎండలో వేయనివ్వని సిగ్గు ఒకటి దానికి తోడు. ఇంతగా ఎండ కాసే సీమలో ఆ గుడ్డ మాత్రం చీర కింద, గడ్డివామి వెనక, చీకటి మూలలో తడితడిగా ఆరాలి. ఒడిశాలో ఆసుపత్రులకు వచ్చిన స్త్రీల మీద జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, మళ్లీ మళ్లీ వాడే గుడ్డలు వాడినవారిలో, వాటిని ఇంటి లోపల ఆరబెట్టినవారిలో కాండిడా ఎక్కువగా కనిపించింది. గుడ్డ వాడటం తప్పని దీని అర్థం కాదు. దాన్ని ఉతకడానికి నీళ్లు, ఆరేయడానికి ఎండ ఆడవాళ్లకు దక్కాలని అర్థం.

ఇంకొకటి కూలి. చెనక్కాయ పీకే రోజుల్లో పొద్దున పోయినవాళ్లు సాయంత్రందాకా వంగే ఉంటారు. తడిసిన బట్ట మార్చుకోవడానికి చాటు ఉండదు. ఆసుపత్రికి పోవాలంటే ఒకరోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది, తోడు ఒక మనిషి కావాలి. కరువు సంవత్సరంలో ఇంట్లో ముందు వాయిదా పడేది ఆడదాని జబ్బే.

పరీక్ష అంటే ఏమిటి?

మనలో చాలామందికి ఈ పరీక్ష ఎలా చేస్తారో తెలియదు. తెలియకపోతే అడగలేం. కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు మాటలు. ఎన్నాళ్ల నుంచి, దురద ఉందా, వాసన ఉందా, గర్భమా, ఈ మధ్య ఏ మందులు వాడారు, ఇదివరకు వచ్చిందా, పొత్తికడుపు నొప్పి ఉందా అని అడగాలి. ఇది ఒంటరిగా, తలుపు వేసిన గదిలో అడగాలి, వరండాలో పదిమంది ముందు కాదు.

తర్వాత చూడటం. స్పెక్యులమ్ అనే పరికరంతో యోనిని కొద్దిగా తెరిచి గోడలనూ గర్భాశయ ముఖద్వారాన్నీ చూస్తారు. పెళ్లి కాని పిల్లలకూ, ఈ పరీక్ష వద్దన్నవారికీ ఇంకో దారి ఉంది. శుభ్రమైన దూది పుల్లతో స్త్రీ తనే నమూనా తీసి ఇవ్వవచ్చు. కాండిడాకు అది చాలు.

మూడోది పీహెచ్ కాగితం. అంటే పులుపును కొలిచే కాగితపు ముక్క. యోని గోడ నుంచి తీసిన స్రావాన్ని దానికి తాకిస్తే రంగు మారుతుంది. 4.5 లేదా అంతకు తక్కువ ఉంటే మామూలు స్థితి, లేదా కాండిడా. 4.5 దాటితే బ్యాక్టీరియల్ వెజైనోసిస్ గానీ ట్రైకోమొనాస్ గానీ అని అనుమానించాలి. నెలసరి రక్తం, వీర్యం కలిస్తే ఈ లెక్క తప్పుతుంది.

నాలుగోది మైక్రోస్కోపు. గాజు పలకల మీద రెండు చుక్కలు. ఒకటి ఉప్పునీటి చుక్క, ఇంకొకటి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క. రెండింటిలోనూ స్రావాన్ని కలుపుతారు. రెండో చుక్క కలిపినప్పుడు చేపల వాసన గుప్పున వస్తే బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కు గుర్తు. ఉప్పునీటి చుక్కను వెంటనే చూస్తే ట్రైకోమొనాస్ కదులుతూ కనిపిస్తుంది. పొటాషియం హైడ్రాక్సైడ్ మిగతా కణాలను కరిగించేస్తుంది, ఈస్ట్ మాత్రం కరగదు. మొగ్గలు తొడిగిన కణాలు, దారప్పోగుల్లాంటి కొమ్మలు కనిపిస్తే, స్త్రీకి బాధ కూడా ఉంటే, అది కాండిడా.

మైక్రోస్కోపు కింద ఈస్ట్ అన్నిసార్లూ దొరకదు. లక్షణాలు ఉండి, చుక్కలో కనబడకపోతే నమూనాను పెంచి చూసే కల్చర్ పరీక్షకు పంపాలి. అలాగే ఏ బాధా లేని స్త్రీ నమూనాలో ఈస్ట్ కనిపించినంత మాత్రాన మందు వేయనక్కర్లేదు.

ఇదంతా అరగంట పని. మలేరియాకూ క్షయకూ రక్తం, కళ్లె చూడటానికి మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఏళ్ల తరబడి మైక్రోస్కోపులు వాడుతూనే ఉన్నారు. దాని కింద మన స్రావం పెట్టి చూడటానికే ఎవరికీ తీరిక లేదు.

“లక్షణాలు చూస్తే తెలిసిపోతుంది కదా, పరీక్ష ఎందుకు?” అని అడుగుతారు. అమెరికాలో దుకాణంలో స్వయంగా ఈస్ట్ మందు కొనుక్కున్న స్త్రీలను పరీక్షించి 2002లో ఒక అధ్యయనం వెలువరించారు. వాళ్లలో నిజంగా కాండిడా ఉన్నవారు మూడింట ఒక వంతు మాత్రమే. చదువుకున్నవాళ్లు, ఇంతకుముందు జబ్బు వచ్చి తెలిసినవాళ్లు కూడా ఊహతో తప్పుతున్నారంటే, మన ఊళ్లలో ఊహించి ఇచ్చే మందు సంగతి వేరే చెప్పాలా?

ఎందుకు చూడరు?

డాక్టర్ రాణీ బంగ్, డాక్టర్ అభయ్ బంగ్ మన పొరుగున ఉన్న గడ్చిరోలిలో రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించారు. ఆ ఫలితాలు 1989లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి. 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉంది. అంతకు ముందు పరీక్షా చికిత్సా పొందినవారు 8 శాతమే. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కోసం గర్భసంచిని వెతుక్కుంటూ వచ్చిన ప్రభుత్వానికి ఆ గర్భసంచి జబ్బు కనబడలేదని ఆ అధ్యయనం లోకానికి చెప్పింది. మన దగ్గర 1991లో వెలువడిన ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం కూడా ఇలాంటి మౌనాన్ని బద్దలు కొట్టడానికే వచ్చింది.

ఆ తర్వాత ఎయిడ్స్ భయం వచ్చింది. 1990లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్షణాల ఆధారిత చికిత్స అనే పద్ధతిని ముందుకు తెచ్చింది. ల్యాబ్ లేని చోట లక్షణాన్ని బట్టి, దానికి కారణం కాగల జబ్బులన్నింటికీ ఒకేసారి మందు ఇచ్చేయడం. మన దేశంలో ఇందుకోసం రంగురంగుల కిట్లు తయారుచేశారు. యోని స్రావానికి ఇచ్చేది ఆకుపచ్చ కిట్. అందులో సెక్నిడజోల్ 2 గ్రాములు, ఫ్లూకొనజోల్ 150 మిల్లీగ్రాములు. ఈ పద్ధతికి ఒక న్యాయం ఉంది. రేపు రమ్మంటే మళ్లీ రాలేని స్త్రీకి ఈరోజే మందు దొరుకుతుంది. పుండ్ల విషయంలో, మగవారి స్రావం విషయంలో అది బాగా పనిచేసింది కూడా. కానీ స్త్రీల స్రావం విషయంలో తేలిపోయింది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్‌లో జరిగి 1999లో వెలువడిన అధ్యయనంలో, స్రావం అని వచ్చిన స్త్రీలలో గర్భాశయ ముఖద్వారపు లైంగిక వ్యాధులు ఉన్నవారు అతి కొద్దిమంది. వృథాగా మందు మింగినవారు ఎందరో.

ల్యాబ్ లేని చోట తాత్కాలికంగా పెట్టుకున్న ఏర్పాటు, ల్యాబ్ ఉన్న చోట కూడా శాశ్వతమైపోయింది. స్త్రీని ముట్టుకోకుండా, చూడకుండా కుర్చీలోంచి లేవకుండా మందు ఇవ్వడానికి అది ఒక అనుమతిపత్రం అయింది. అనంతపురం ఆసుపత్రులు లేని ప్రాంతం కాదు. 2000లో వైద్య కళాశాల వచ్చింది. 1969 నుంచి ఇక్కడ పనిచేసిన ఆర్‌డీటీ బత్తలపల్లి, కళ్యాణదుర్గం, కణేకల్లులలో ఆసుపత్రులు కట్టింది. కొరత మన ఊరికి దగ్గరగా ఉన్న బల్ల దగ్గర, ఆ బల్ల చుట్టూ కట్టవలసిన తెర దగ్గర, ఆ తెర వెనక నిలబడవలసిన మహిళా సిబ్బంది దగ్గర ఉంది.

చూడకపోతే ఏమవుతుంది?

ఒక వరస చెబుతాను. మొదట వేడి చేసిందంటారు. సబ్జా గింజలు, బార్లీ నీళ్లు, పత్యం. తగ్గదు. ఆర్‌ఎంపీ సూది వేస్తాడు. మందుల దుకాణంలో స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ ఇస్తారు. రెండు రోజులు దురద తగ్గి, మూడోరోజు ఇంకా ఎక్కువవుతుంది. అప్పుడు టౌనుకు పోతారు. అక్కడ స్కానింగ్ తీసి “గర్భసంచిలో పుండు ఉంది, వాపు ఉంది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది” అంటారు. కళ్యాణదుర్గం వైపు ఒక ఊళ్లో ముప్పయ్యేళ్లు దాటని ఒకామె నాతో అన్న మాట ఇది: “తెల్లబట్టకని పోయినానక్కా. సంచి తీసేసినారు. నడుమునొప్పి వచ్చె, అప్పు మిగిలె. తెల్లబట్ట మాత్రం పోల్యా.” యోనిలో ఉన్న జబ్బుకు గర్భసంచి తీస్తే ఎట్లా పోతుంది? ఆమెను ఒక్కసారి కూడా బల్ల మీద పడుకోబెట్టి చూడలేదట.

ఇది ఒక్కామె కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించినవారు దేశంలో 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. దేశంలోకెల్లా ఎక్కువ. అన్నీ తెల్లబట్టకే చేశారని నేను అనడంలేదు. కానీ ఆ దారిలో మొదటి మెట్టు చాలామందికి ఈ చూడని స్రావమే. అనవసర గర్భసంచి ఆపరేషన్ల మీద వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో, కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులోకి తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తీర్పు మన చేతిలో ఉన్న ఆయుధం.

చూడకపోవడం వల్ల తప్పిపోయేది ఇంకొకటి ఉంది. మాటిమాటికీ కాండిడా వస్తోందంటే చక్కెర వ్యాధి ఉందేమో చూడాలి. తనకు షుగర్ ఉందని ఈ దురద వల్లనే మొదటిసారి తెలుసుకునే స్త్రీలు ఉంటారు. స్త్రీ సమ్మతితో, రహస్యంగా హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేయాలి. గర్భిణికైతే ఫ్లూకొనజోల్ మాత్ర ఇవ్వరు, యోనిలో పెట్టుకునే క్లోట్రిమజోల్ బిళ్లలు వారం రోజులు ఇస్తారు. గర్భిణి అవునో కాదో అడగకుండా కిట్ చేతిలో పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

ఇక, పరీక్ష చేస్తే ఏమీ లేదని తేలే స్త్రీలు ఉంటారు. గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు చేసిన అధ్యయనాల్లో, తెల్లబట్ట అని చెప్పుకున్న బాధకు ఇన్‌ఫెక్షన్‌తో కంటే దిగులుతో, అలసటతో ఎక్కువ సంబంధం కనిపించింది. “ఎముకలు కరిగి పోతాండాయి” అనే మాట మనమూ వింటాం. అలాంటి స్త్రీని “నీకేం లేదు పో” అని పంపడం కూడా చూడకపోవడమే. జబ్బు లేదని పరీక్ష చేసి చెప్పి, ఆ తర్వాత ఆమె ఏం తింటోందో, ఎంత పనిచేస్తోందో, ఇంట్లో దెబ్బలు తింటోందో అడగాలి.

మనం ఏం అడగాలి?

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారంలో ఒకరోజైనా, తలుపున్న గదిలో, మహిళా డాక్టరు గానీ శిక్షణ పొందిన నర్సు గానీ స్త్రీలను పరీక్షించాలి. శుభ్రం చేసిన స్పెక్యులమ్‌లు ఉండాలి. 

ల్యాబ్ బల్ల మీద పీహెచ్ కాగితం, ఉప్పునీరు, పొటాషియం హైడ్రాక్సైడ్ ఉండాలి. ల్యాబ్ టెక్నీషియన్‌కు ఈ రెండు చుక్కలు చూడటంలో శిక్షణ ఇవ్వాలి. 

కిట్ ఇచ్చినా సరే, చీటీ మీద జబ్బు పేరు రాయాలి. తగ్గకపోతే మళ్లీ అదే కిట్ కాదు, పరీక్షకు పెద్దాసుపత్రికి పంపాలి. 

తెల్లబట్ట ఒక్కటే కారణంగా గర్భసంచి తీయమని ఎవరు చెప్పినా, రెండో డాక్టరు చూడకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దని మన సంఘాల్లో తీర్మానం చేసుకుందాం. ఆపరేషన్‌కు అప్పు కావాలని ఎవరైనా పొదుపు సంఘానికి వచ్చినప్పుడు, “పరీక్ష ఏం చేసినారు?” అని అడిగే హక్కు, బాధ్యత ఆ సంఘానికి ఉన్నాయి.

మనవైపు నుంచి కూడా పని ఉంది. మన ఆరోగ్య శిక్షణల్లో రక్తహీనత, కాన్పు, టీకాలు చెబుతాం, ఇది వచ్చేసరికి పేజీ తిప్పేస్తాం. యోని అనే మాటను మనం గట్టిగా పలకలేకపోతే, ఆ వెనకబడి నిలబడ్డ ఆడమనిషి డాక్టరు ముందు పలకాలని ఎలా ఆశిస్తాం? ఆమె డాక్టరును అడగవలసింది ఒకే వాక్యం: “చూసి చెప్పండి.” ఆ వాక్యం ఆమె నోట రావాలంటే మొదటిసారి ఆమె పక్కన మనం వెళ్లి కూర్చోవాలి.

మీ మండలాల్లో ఏ ఆరోగ్య కేంద్రంలో స్త్రీలను పరీక్షించే బల్ల ఉందో, ఎక్కడ లేదో ఇప్పుడు చర్చలో చెప్పండి. ఆ జాబితాతోనే మన వినతిపత్రం మొదలుపెడదాం.